పురుగుల ఇంట్లో తేమ: నేరం కూలీ చేతిదా, ఇంటి కప్పుదా?

పట్టుపురుగు ఎండకూ చస్తుంది, ముసురుకూ చస్తుంది. హిందూపురం, మడకశిర, మదనపల్లె, పలమనేరు ప్రాంతాల్లో ఏ పల్లెకు పోయి అడిగినా ఈ మాట చెబుతారు. ఇరవై అయిదు రోజులు రాత్రీ పగలూ కళ్లల్లో వత్తులు వేసుకొని మేపిన పురుగు, గూడు కట్టే వేళకు సున్నపు ముద్దలా బిగుసుకుపోతుంది. లేదంటే ఒళ్లు పగిలి పాలు కారి తట్టలోనే కుళ్లిపోతుంది. అప్పుడు భూమి గల ఆసామి ఒక మాట అంటాడు: "సరిగా చూసుకోలేదు. మీ చేతి తప్పే." మేపిన కూలీ కుటుంబం తల వంచుకుంటుంది. గుడ్ల ఖర్చు, మందుల ఖర్చు అప్పు పద్దులో చేరుతుంది.

నిజంగా తప్పు ఎవరిది? పురుగును చంపింది ఏమిటి? ఈ ప్రశ్నకు జవాబు చాలాసార్లు గాలిలోనే ఉంటుంది. గాలిలో కంటికి కనబడని నీరు ఉంది. దాన్నే తేమ అంటున్నాం. ఆ తేమ ఎక్కువైనా నష్టమే, తక్కువైనా నష్టమే. దాన్ని అదుపులో పెట్టడం చేతనైన పనే, పెద్ద చదువులు అక్కరలేదు. అయితే దానికి కావలసిన గది, కిటికీ, కప్పు ఎవరి చేతిలో ఉన్నాయన్నది వేరే ప్రశ్న. ఈ వ్యాసంలో రెండు సంగతులూ చెప్పదలచుకున్నాం.

కరువు నేలలో పట్టు

అనంతపురం ప్రాంతంలో ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. వేరుశనగ ఒక ఏడు పండితే రెండేళ్లు ఎండుతుంది. ఇటువంటి చోట ఒక బోరు కింద ఎకరమో అరెకరమో మల్బరీ పెట్టుకుంటే ఏడాదికి నాలుగైదు పంటలు పురుగు మేపవచ్చునని 1970 దశకం నుండి కరువు ప్రాంత కార్యక్రమాల పేరుతో ప్రచారం జరిగింది. అందులో నిజం లేకపోలేదు. మల్బరీ పట్టు ఉత్పత్తిలో దేశంలో కర్ణాటక తరువాతి స్థానం ఆంధ్రప్రదేశ్‌దే. ధర్మవరం చీర వెనక ఈ పల్లెల శ్రమ ఉంది.

అయితే పట్టు పొలంలో మొదలై గదిలో తేలే పంట. ఆకు పొలంలో పండుతుంది, పట్టు మాత్రం నాలుగు గోడల మధ్య పండుతుంది. పొలంలో వానకు, ఎండకు మనిషి చేయగలిగింది తక్కువ. గదిలోని గాలిని మాత్రం మనిషి మార్చగలడు. అందుకే ఈ పంటలో నష్టం వచ్చినప్పుడు "దైవం" అని చేతులు దులుపుకోవడం కుదరదు. లెక్క తీయాలి.

గాలికి దాహం ఎట్లా వేస్తుంది

ముందు ఒక చిన్న సూత్రం అర్థం చేసుకోవాలి. వేడి గాలి ఎక్కువ నీటిని పట్టుకుంటుంది, చల్లగాలి తక్కువ పట్టుకుంటుంది. తేమ 80 శాతం అంటే, ఆ వేడిమిలో గాలి మోయగలిగిన నీటిలో నూటికి 80 పాళ్లు ఇప్పటికే దానిలో ఉన్నదని అర్థం.

ఉదాహరణకు తెల్లవారుజామున గదిలో వేడి 24 డిగ్రీలు, తేమ 80 శాతం ఉందనుకుందాం. పురుగుకు హాయిగా ఉంటుంది. మధ్యాహ్నానికి రేకుల కప్పు కాగి గది 34 డిగ్రీలకు పోతుంది. గాలిలో నీటి చుక్క ఒక్కటి తగ్గలేదు. అయినా తేమ సుమారు 45 శాతానికి దిగిపోతుంది. గాలికి దాహం పెరిగింది. ఆ దాహాన్ని ఎక్కడ తీర్చుకుంటుంది? తట్టలోని ఆకు నుండి, పురుగు ఒంటి నుండి నీరు పీలుస్తుంది. ఆకు గంటలో వడలిపోతుంది. వడలిన ఆకును చిన్న పురుగు కొరకలేదు. "మేత ఏసినా ముట్టకుండా పన్యాయి నాయనా" అని ఆడవాళ్లు చెప్పేది ఇదే.

ఇక ముసురు పట్టిన రోజు చూడండి. గది 22 డిగ్రీలు, తేమ 95 శాతం. ఆకు ఆరదు, పెంట ఆరదు. రేకు లోపలి వైపు నీటి బొట్లు పడతాయి. బూజుకు పండుగ. అదే గాలిని 26 డిగ్రీలకు వేడి చేస్తే తేమ సుమారు 75 శాతానికి దిగుతుంది. నాలుగు డిగ్రీల తేడాతో రోగానికి ఇరవై పాళ్ల బలం తగ్గిందన్నమాట.

పురుగు వయసును బట్టి తేమ

పసిబిడ్డకు, పెద్దవాడికి ఒకే తిండి పెట్టం గదా! పురుగుకూ అంతే. పురుగు నాలుగుసార్లు జ్వరానికి కూర్చుంటుంది, అంటే చర్మం విడుస్తుంది. అట్లా దాని బతుకు అయిదు దశలు.

మొదటి రెండు దశలను చాకీ అంటారు. అప్పుడు 26 నుండి 28 డిగ్రీల వేడి, 80 నుండి 90 శాతం తేమ కావాలి. మూడో దశలో 26 డిగ్రీలు, సుమారు 80 శాతం. నాలుగో దశలో 25 డిగ్రీలు, 70 నుండి 75 శాతం. అయిదో దశలో 24 డిగ్రీలు, 65 నుండి 70 శాతం. చంద్రికల మీద గూడు కట్టేటప్పుడు 60 నుండి 70 శాతం మధ్య చాలు. పురుగు పెరిగేకొద్దీ వేడి, తేమ రెండూ మెట్టుమెట్టుగా తగ్గాలి. ఇది గుర్తుంటే సగం సేద్యం వచ్చినట్టే.

ఎందుకు తగ్గాలి? దీనికి కారణం ఆకు లెక్కలో ఉంది. వంద గుడ్ల పురుగుకు, అంటే నలభై యాభై వేల పురుగులకు, సుమారు 1000 కిలోల ఆకు కావాలి. అందులో నూటికి 80 పాళ్లు చివరి దశలోనే, వారం రోజుల్లోనే తింటాయి. అంటే 800 కిలోల ఆకు. ముదురు ఆకులో కూడా నూటికి 65 నుండి 70 పాళ్లు నీళ్లే. అంటే వారంలో దగ్గర దగ్గర 550 కిలోల నీటిని మనమే మోసుకొచ్చి ఆ గదిలో పెడుతున్నాం! కొంత పురుగు ఒంటిలో ఉంటుంది. మిగిలింది పెంటగా, ఆవిరిగా గదిలోకే వస్తుంది. కిటికీ లేని గదిలో ఆ నీరు ఎటుపోవాలి? అందుకే చాకీలో తలుపు మూయడం ఎంత అవసరమో, చివరి దశలో తలుపు తెరవడం అంత అవసరం. చాకీలో మూసినట్టే చివర్లోనూ మూసి పెట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. పంట అక్కడే పోతుంది.

కొలవడం ఎట్లా

"చెయ్యి పెట్టి చూస్తే తెలుస్తాది" అనే అనుభవశాలులు ఉన్నారు. వాళ్ల అనుభవాన్ని మేము తక్కువ చెయ్యం. కాని ఆసామితో వాదం వచ్చినప్పుడు చెయ్యి సాక్ష్యం చెప్పదు, అంకె సాక్ష్యం చెబుతుంది.

గోడకు తగిలించే మామూలు థర్మామీటర్లు రెండు చాలు. ఒకదాని బల్బుకు పలచటి నూలు గుడ్డ చుట్టి, గుడ్డ కొస నీళ్ల సీసాలో ఉండేటట్టు కట్టాలి. ఇది తడి బల్బు, రెండోది పొడి బల్బు. గాలి ఎండుగా ఉంటే తడి గుడ్డ త్వరగా ఆరుతుంది, ఆరేటప్పుడు చల్లబడుతుంది, అంకె దిగుతుంది. రెండింటికీ తేడా ఎంత ఎక్కువ ఉంటే గాలి అంత ఎండుగా ఉన్నట్టు.

పొడి బల్బు 26 చూపుతున్నప్పుడు తడి బల్బు 24 ఉంటే తేమ సుమారు 85 శాతం, చాకీకి సరి. తడి బల్బు 23 ఉంటే సుమారు 78, మూడో దశకు సరి. 22 ఉంటే సుమారు 70, పెద్ద పురుగుకు సరి. 20కి దిగితే 58 దగ్గర ఉన్నట్టు, గాలి మరీ ఎండిపోయింది. ఈ నాలుగు అంకెలు బొగ్గుతో గోడ మీద రాసుకుంటే చదువు అంతగా రానివాళ్లు కూడా పోల్చుకోగలరు. గుడ్డను రెండు మూడు రోజులకొకసారి ఉతకాలి, మంచి నీళ్లే పోయాలి. లేకపోతే తప్పు చూపుతుంది. ఇప్పుడు బజారులో బ్యాటరీతో నడిచే తేమమానులు కూడా దొరుకుతున్నాయి. వాటిని కూడా నెలకొకసారి ఈ రెండు బల్బులతో సరిచూసుకోవడం మంచిది.

తేమ తక్కువైనప్పుడు

మార్చి నుండి జూన్ దాకా మన ప్రాంతంలో కష్టమంతా ఎండుగాలితోనే. చాకీ తట్టలో కిందా పైనా మైనపు కాగితం పరచి, అంచుల వెంట తడిపి పిండిన స్పాంజి ముక్కలు పెట్టాలి. మేత వేసే అరగంట ముందు పై కాగితం తీసి గాలి తగలనివ్వాలి. పురుగు జ్వరానికి కూర్చున్నప్పుడు మాత్రం కాగితమూ స్పాంజీ రెండూ తీసేయాలి. ఆ వేళ పడక పొడిగా ఉండాలి.

పెద్ద పురుగుల గదిలో కిటికీలకు, తలుపుకు గోనె పట్టాలు వేలాడదీసి తడుపుతూ ఉండాలి. గాలి తడి గోనెలో నుండి వస్తే చల్లబడుతుంది, తేమా పడుతుంది. గోడ పక్కన ఇసుక పోసి నీళ్లు చల్లవచ్చు. అన్నిటికంటే ముఖ్యం కప్పు. రేకు మీద కొబ్బరి మట్టలో, చెరకు ఆకో, వరిగడ్డో దళసరిగా వేసి తడిపితే లోపల వేడి దిగుతుంది. వేడి దిగితే తేమ దానంతట అదే ఎక్కుతుంది. పడమటి గోడ ఎండ పడకుండా పందిరి వేసి ఏదైనా తీగ పాకించినా మేలే.

ఆకు తెల్లవారుజామున, చల్లపూట కోయాలి. కోసిన ఆకును తడి గోనె కప్పి నీడలో పెట్టాలి. కాని ఆకు మీద నీళ్లు చల్లి అట్లాగే పురుగుకు వేయకూడదు. గాలిలో తేమ వేరు, ఆకు మీద తడి వేరు. తడి ఆకు తిన్న పురుగుకు విరేచనాలు పట్టి, మెత్తబడి చస్తుంది. మన వైపు దీన్నే సప్ప రోగం అంటారు.

తేమ ఎక్కువైనప్పుడు

వానాకాలం, చలికాలం, తుఫాను ముసురు రోజుల్లో పని తిరగబడుతుంది. అప్పుడు కావలసింది గాలి. గోడకు కింద కొన్ని, పైన కొన్ని రంధ్రాలుంటే కింద నుండి చల్లగాలి వచ్చి, పై నుండి వేడి ఆవిరి పోతుంది. ఎదురెదురు కిటికీలు ఉండాలి. ఊజీ ఈగ రాకుండా వాటికి దోమతెర కొట్టాలి. ఈ ఈగ 1980లో బెంగాల్ వైపు నుండి కర్ణాటకకు వచ్చి, అక్కడి నుండి మన ప్రాంతాలనూ పట్టుకుంది. ఈగ భయంతో కిటికీలు మూసి, తేమకు పురుగును బలిపెట్టేవారున్నారు. తెర ఉంటే రెండు బాధలూ లేవు.

పడక మీద పొడి సున్నం పలచగా చల్లితే తేమను పీలుస్తుంది. పెంట, మిగులు కొమ్మలు ఎప్పటికప్పుడు తీసేయాలి. పురుగులు ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా పలచగా పరచాలి. మేత కొంచెం తగ్గించి, ఆరిన ఆకే వేయాలి.

గది వేడి చేయడానికి కొందరు బొగ్గుల కుంపటి పెడతారు. ఇక్కడ ఒక హెచ్చరిక. మూసిన గదిలో బొగ్గు మండితే వాసన లేని విషవాయువు పుడుతుంది. నిద్రలో ఉన్న మనిషికి తెలియకుండానే ప్రాణం పోతుంది. కుంపటి బయట బాగా రాజుకొని, పొగ పోయాకనే లోపల పెట్టాలి, పై రంధ్రాలు తెరిచే ఉంచాలి. ఆ గదిలో ఎవరూ, ముఖ్యంగా పిల్లలు, పడుకోకూడదు. పంట కోసం ప్రాణం పణం పెట్టమనే హక్కు ఏ ఆసామికీ లేదు.

చివరగా చంద్రిక. పండిన పురుగు గూడు మొదలుపెట్టే ముందు ఒంటిలోని నీటిని బయటికి వదిలేస్తుంది. వేల పురుగులు ఒకేసారి ఈ పని చేస్తే గది తడిసిపోతుంది. ఆ రోజు తలుపులు మూసి చంద్రికలను గోడకు దగ్గర దగ్గరగా ఆనించి పెడితే గూళ్లకు మరక పడుతుంది. అంతకన్నా పెద్ద నష్టం, దారపు పొరలు ఒకదానికొకటి గట్టిగా అతుక్కొని, దారం తీసేటప్పుడు తెగుతూ ఉంటుంది. అటువంటి గూటికి మార్కెట్లో ధర పడిపోతుంది. వంద గుడ్లకు 70 కిలోల గూళ్లు వచ్చాయనుకుందాం. కిలోకు వంద రూపాయలు తగ్గితే 7,000 రూపాయలు పోయినట్టు. ఒక్క రాత్రి కిటికీ మూసినందుకు ఇంత వెల. నెలంతా మంచిగా మేపి చివరి రెండు రోజుల్లో పోగొట్టుకోవడం కన్నా అన్యాయం ఉంటుందా?

దిష్టి కాదు, బూజు

పురుగు తెల్లగా బిగిసి చస్తే దాన్ని సున్నకట్టు రోగం అంటాం. దీని కథ తెలుసుకోదగ్గది. ఇటలీలో లోది అనే ఊరి దగ్గర అగోస్తినో బస్సీ అనే ఆయన ఈ రోగం వెనక ఏళ్ల తరబడి పడ్డాడు. ఆయన కాలంలోనూ జనం దీన్ని చెడుగాలి అనీ, తనంత తానే పుట్టుకొచ్చేదనీ అనుకున్నారు. చచ్చిన పురుగు మీది తెల్లపొడి ఒక బూజు అని, అదే ఒక పురుగు నుండి మరో పురుగుకు రోగాన్ని మోస్తుందని 1835లో ఆయన లోకానికి చూపాడు. కంటికి కనబడని సూక్ష్మజీవి ఒక జంతువుకు రోగం తెస్తుందని రుజువు కావడం అదే మొదటిసారి. మనుషుల వైద్యానికి కూడా దారి చూపిన ఈ సత్యం పట్టుపురుగుల తట్టలో దొరికింది. ఆ బూజుకు ఈనాటికీ ఆయన పేరే ఉంది.

ఈ బూజు గింజ మొలవాలంటే 90 శాతానికి పైగా తేమ కావాలి, చల్లదనం తోడు కావాలి. కనుక తేమ తగ్గించడం, సున్నం చల్లడం, చచ్చిన పురుగు తెల్లబారక ముందే ఏరి కాల్చడమో లోతుగా పూడ్చడమో చేయడం, ఇదే దీనికి మందు. ఏరిన పురుగును మల్బరీ తోటలో పారేస్తే బూజు ఆకుతో పాటు తిరిగి ఇంటికే వస్తుంది. పాలరోగం వేరు. దానికి సూక్ష్మమైన వైరస్ కారణం. వేడి ఎక్కువై, తేమ ఒకసారి ఎక్కి ఒకసారి దిగే గదుల్లో అది చెలరేగుతుంది.

1835లోనే తేలిపోయిన సంగతి ఇది. అయినా మన పల్లెల్లో ఇంకా ఏమంటున్నారు? ముట్టయిన ఆడమనిషి నీడ పడిందని, ఫలానా కులంవాడు గడప తొక్కాడని, దిష్టి తగిలిందని! ఆకు కోసేది, మోసేది, పెంట ఎత్తేది ఎవరు? ఆడవాళ్లు, దళిత కూలీలు. వాళ్ల చెమటతో పెరిగిన పురుగు వాళ్ల నీడ తగిలి చస్తుందట! రోగం మోసేది కులం కాదు, కడగని చేతులు, కాళ్లు. ఆసామి కాలితో వచ్చినా బూజు బూజే. గడప దగ్గర సున్నం, బ్లీచింగు పొడి కలిపిన తొట్టి పెట్టి, లోపలికి వచ్చే ప్రతివాడూ, ఆసామితో సహా, కాళ్లూ చేతులూ కడుక్కొని రావాలి. శాస్త్రం చెప్పే మడి ఇదొక్కటే.

కప్పు ఎవరిది?

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. పైన చెప్పిన పనులన్నీ వేరే షెడ్డు ఉన్నవాడు చేయగలడు. ఎత్తయిన కప్పు, ఎదురెదురు కిటికీలు, వరండా, చాకీ పురుగుకు వేరే గది, ఆకుకు వేరే గది ఉన్నవాడికి తేమ ఒక లెక్క మాత్రమే. కాని ఒక్క గది ఇంట్లో పురుగు మేపే బీదవాడి సంగతి ఏమిటి? అదే గదిలో పొయ్యి. అన్నం ఉడికిన ఆవిరి, పొగ, పడుకున్న అయిదుగురి ఊపిరి అన్నీ పురుగు మీదికే. చివరి దశలో తట్టలు ఇల్లంతా ఆక్రమిస్తే ముసలివాళ్లు, పిల్లలు వాకిట్లో పడుకుంటారు. పురుగు లోపల, మనిషి బయట. వాన వస్తే ఇద్దరికీ చావే.

షెడ్డు కట్టడానికి సబ్సిడీలున్నాయి. కేంద్రం పథకంలో, రాష్ట్రం వాటాతో, షెడ్యూల్డు కులాల, తెగల వారికి ఎక్కువ శాతం ఇచ్చే ఏర్పాటూ ఉంది. కాని ఆ కాగితం పట్టా ఉన్నవాడి పేరు మీదే నడుస్తుంది. ముందు సొంత డబ్బు పెట్టి గోడలు లేపగలిగినవాడికే చివరికి బిల్లు అందుతుంది. కౌలుకు మల్బరీ తీసుకున్నవాడు, పాలుకు పురుగు మేపేవాడు ఆ లెక్కలో లేడు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం కౌలుదారుకు కార్డు ఇస్తానంది. అయితే దానికి భూయజమాని సంతకం కావాలంది. సంతకం పెట్టే యజమానిని దివిటీ పట్టుకొని వెతకాలి.

కొన్ని ఊళ్లలో పాలు పద్ధతి ఇట్లా ఉంది: ఆసామిది ఆకు, షెడ్డు. కూలీ కుటుంబానిది చాకిరీ. గూళ్లు అమ్మాక ఖర్చులు తీసి సగం సగం. పంట వస్తే భాగస్వామి, పంట పోతే దోషి! కిటికీలు పెట్టించనివాడు, రేకు మీద గడ్డి కప్పించనివాడు, సున్నానికి డబ్బు ఇవ్వనివాడు ఆసామి. "నిర్లక్ష్యం" మాత్రం కూలీది. ఒక పెద్దమ్మ మాతో అన్న మాట: "గాలి రాని కొట్టం ఇచ్చి గాలి ఆడలేదని మమ్మల్ని తిడితే ఎట్లన్నా?" దీనికంటే సూటిగా చెప్పడం మాకు చేతకాదు.

మందు కొట్టే చేతులు

పంటకూ పంటకూ మధ్య గదిని శుద్ధి చేయాలి. చాలా చోట్ల ఇంకా ఫార్మలిన్ కొడుతున్నారు. అది పని చేయాలంటే గది 25 డిగ్రీలకు పైన, తేమ 70 శాతానికి పైన ఉండాలి, తలుపులు మూసి ఉండాలి. అంటే ఉక్కపోసే మూసిన గదిలో ఘాటైన విషం కొట్టాలి. కొట్టేది ఎవరు? రోజు కూలీ. ముక్కుకు తువ్వాలు తప్ప మరేమీ ఉండదు. కళ్లు మండుతాయి, ఊపిరి ఆడదు. ఫార్మలిన్‌లోని ఫార్మాల్డిహైడు మనుషులకు క్యాన్సరు తెచ్చే పదార్థమని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనా సంస్థ 2004లోనే తేల్చింది. సున్నంతో కలిపిన బ్లీచింగు పొడి ద్రావణం, క్లోరిన్ డయాక్సైడు వంటి మార్గాలున్నాయి. వాటికి కూడా ముక్కుకు తొడుగు, చేతులకు తొడుగులు, కళ్లద్దాలు కావాలి. ఇవి ఆసామి ఇవ్వవలసినవి. అడగడం మన హక్కు.

గూళ్ల నుండి దారం తీసే కేంద్రాల్లోనూ ఇదే తేమ మరో రూపంలో ఉంది. పొద్దస్తమానం వేడినీళ్ల తొట్లలో చేతులు నానబెట్టే ఆడవాళ్ల వేళ్లు పగిలి పుండ్లవుతాయి. ఆవిరిలో పనిచేసి దగ్గు, ఉబ్బసం తెచ్చుకుంటారు. పురుగుకు తేమ ఎంత ఉండాలో రాసిన పుస్తకాలు చాలా ఉన్నాయి. ఆ గదిలోని మనిషి ఊపిరిని గురించి రాసినవి ఎన్ని?

గదిలో గెలిచినా బజారులో

ఇంత కష్టపడి తేమను గెలిచినా బజారు తేమ వేరే ఉంది. 2011 కేంద్ర బడ్జెట్టులో ముడిపట్టు దిగుమతి సుంకాన్ని 30 శాతం నుండి ఒక్కసారిగా 5 శాతానికి దించారు. చైనా పట్టు వచ్చి పడింది. హిందూపురం, రామనగరం మార్కెట్లలో గూళ్ల ధర కుప్పకూలింది. ఎందరో మల్బరీ మొక్కలు పీకేశారు. ఆందోళనల తరువాత 2013లో సుంకాన్ని 15 శాతానికి పెంచారు. ఆ మధ్యలో పీకిన మల్బరీని ఎవరు నాటి ఇచ్చారు? ఢిల్లీలో ఒక అంకె మారితే మడకశిర గుడిసెలో పొయ్యి ఆరుతుంది. కాబట్టి గదిలో తేమను చూసుకోవడం నేర్చుకోవాలి, సర్కారు విధానాలను చూసుకోవడం కూడా నేర్చుకోవాలి.

ఏం చేద్దాం?

ఒకటి. పాలుకు, కూలికి పురుగు మేపే ప్రతి కుటుంబం ఒక నోటుపుస్తకం పెట్టుకోవాలి. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి పొడి బల్బు ఎంత, తడి బల్బు ఎంత, ఆ వేళ కిటికీలు తెరిచారా లేదా రాయాలి. బడికి పోయే పిల్లలు రాసి పెట్టగలరు. గది 35 డిగ్రీలు ఉంటే అది కూలీ చేతి తప్పు కాదు, రేకు తప్పు. ముసురు నాలుగు రోజులు తేమ 95 ఉంటే అది చాకిరీ లోపం కాదు, కిటికీ లేని గోడ లోపం. నష్టం వచ్చినప్పుడు పదిమంది ముందు ఆ పుస్తకం విప్పాలి. నష్టంలో ఆసామి వాటా ఎంతో అప్పుడు తేలుతుంది.

రెండు. పాలు ఒప్పందం కుదిరేటప్పుడే కిటికీలు, పై రంధ్రాలు, కప్పు మీద గడ్డి, సున్నం, గోనెలు, ముక్కు తొడుగులు ఎవరు ఇవ్వాలో నలుగురి ముందు మాట్లాడుకోవాలి. గది చూడకుండా గుడ్లు దింపుకోకూడదు.

మూడు. ఇంట్లోనే మేపుకునే బీద కుటుంబాలకు ఊరి ఉమ్మడి షెడ్డు కావాలి. కాలనీ స్థలంలో పంచాయతీ కట్టించి, వంతులవారీగా ఇవ్వాలి. సబ్సిడీకి పట్టా అడగడం మాని, మేపేవాడి పేరు అడగాలి. సామాను ముందుగా అందాలి, బిల్లు తరువాత చూసుకోవచ్చు.

నాలుగు. చాకీ కేంద్రాలు పురుగుతో పాటు ఒక చీటీ ఇవ్వాలి. ఏ రోజు ఎంత వేడి, ఎంత తేమలో పెంచారో అందులో ఉండాలి. పురుగును చల్లపూటనే తరలించాలి. అక్కడే బలహీనపడిన పురుగును మనకు అంటగట్టి, తరువాత మన మేపును తప్పుపట్టడం సాగనివ్వకూడదు.

అయిదు. హిందూపురం దగ్గర కిరికెరలో పట్టు పరిశోధనా సంస్థ ఉంది. అక్కడి విజ్ఞానం పెద్ద షెడ్ల దగ్గర ఆగిపోతున్నది. గడ్డి కప్పు గదికి, ఒక్క గది ఇంటికి ఏ మార్పులు తక్కువ ఖర్చులో చేయవచ్చో కూలీ వాడలకు వచ్చి చూపించాలని శాఖను అడగాలి. అడిగితే వస్తారు. పదిమంది కలిసి అడిగితే త్వరగా వస్తారు.

గాలి అందరిదీ అంటారు. కాని ఏ గదిలో ఎటువంటి గాలి ఆడాలో గోడ కట్టినవాడు నిర్ణయిస్తున్నాడు. ఆ గోడకు కిటికీ పెట్టించడం కూలీ సంఘాల పని, రైతు సంఘాల పని. ముసురుకాలం వచ్చి పురుగు బిగిసినాక కాదు, ఈ పంట గుడ్లు దింపకముందే ఆ పని మొదలుపెట్టాలి.